మిగిలిన మాత్రల లెక్క

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. 14 ఏళ్లుగా షుగర్, బీపీ. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. రోజుకు ఎనిమిది మాత్రలు. "వేసుకున్నావా నాన్నా?" అంటే "ఆ, వేసుకున్నా" అంటారు. మొన్న బీరువా సర్దుతుంటే సగం వాడిన స్ట్రిప్పులు బయటపడ్డాయి. సరిగ్గా 30 రోజులకని తెచ్చినవి. 31వ రోజున కూర్చుని లెక్కపెట్టాను. ఉదయం, రాత్రి వేసుకోవాల్సిన షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 60లో 26 మిగిలాయి. రాత్రి వేసే కొలెస్ట్రాల్ మాత్ర అటార్వాస్టాటిన్ 30లో 24. ఉదయం వేసే నీరు పోయే మాత్ర, ఫ్యూరోసెమైడ్, 30లో 17. ఉదయానివే మిగతా నాలుగు రకాలు (షుగర్‌కి గ్లిమిపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్, మెటోప్రొలాల్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్) తలా 4 చొప్పున. నాన్న వారానికి మూడు రోజులు పొద్దున్నే స్నేహితుల దగ్గరికి వెళ్లి మధ్యాహ్నానికి వస్తారు, మిగతా రోజులు ఇంట్లోనే. డాక్టరుగారి దగ్గర బీపీ ఎప్పుడూ బాగానే ఉంటుంది, హెచ్‌బీఏ1సీ (రెండుమూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) మాత్రం 9.1. పోయినసారి గ్లిమిపిరైడ్‌ని 1 మి.గ్రా. నుంచి 2 మి.గ్రా.కి పెంచారు. వారం నుంచి నేనే మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతున్నాను. ఇద్దరి మధ్యా మాటల్లేవు. పొడి చేసి తిండిలో కలిపేస్తే పోలా అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: ముందు తొందరగా చూడాల్సిన సంగతి ఒకటుంది. గొడవ సంగతి తర్వాత.

మీరు ఎదురుగా నిలబడి ఎనిమిదికి ఎనిమిదీ మింగిస్తున్నారు. కానీ డాక్టరుగారు గ్లిమిపిరైడ్ పెంచింది, మెట్‌ఫార్మిన్ పూర్తిగా వాడుతున్నా షుగర్ దిగట్లేదు అనుకుని. నిజానికి మెట్‌ఫార్మిన్‌లో సగానికి దగ్గరగా లోపలికి వెళ్లనేలేదు. ఇప్పుడు పెంచిన గ్లిమిపిరైడ్, పూర్తి మెట్‌ఫార్మిన్ రెండూ ఒకేసారి పడితే షుగర్ ఉండాల్సిన దానికన్నా కిందికి జారొచ్చు. ఇన్నాళ్లూ వదిలేసిన మందులన్నీ ఒక్కరోజున మొదలుపెట్టించినప్పుడు రాగల చిక్కు ఇది, కానీ ఇంట్లోవాళ్లకు ఇది తోచదు. పైగా మెటోప్రొలాల్ వాడేవాళ్లలో షుగర్ పడిపోయేటప్పుడు వచ్చే గుండెదడ, చేతుల వణుకు బయటికి కనపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కాబట్టి ఉన్నట్టుండి చెమట పట్టినా, మాట తడబడినా, చిరాకు పడుతున్నా, మత్తుగా ఉన్నా వెంటనే వేలు గుచ్చి చూడండి. 70 మి.గ్రా. కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, ఇంకా 70 దాటకపోతే మరో 15 గ్రాములు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బీపీకీ ఇదే వర్తిస్తుంది. ఆమ్లోడిపిన్, మెటోప్రొలాల్ తోడుగా నీటి మాత్ర కూడా రోజూ పడితే లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూడండి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడితే డాక్టరుగారికి చెప్పాలి. అసలు ఈ లెక్కంతా ఆయనకు ఫోన్లో అయినా ఇవాళే చెప్పండి. "ఇంతకాలం ఇన్ని తప్పాయి, ఇప్పుడు అన్నీ వేస్తున్నాం, మోతాదు ఇదే ఉంచమంటారా?" అని అడిగితే చాలు.

పొడి చేసి కలపడం మాత్రం వద్దు. మెల్లగా కరిగేలా చేసిన మాత్రలు కొన్ని ఉంటాయి, పేరు చివర ఎక్స్‌ఆర్, ఎక్స్ఎల్, ఎస్ఆర్ లాంటి అక్షరాలు చూసి పోల్చుకోవచ్చు. మెటోప్రొలాల్‌లో, మెట్‌ఫార్మిన్‌లో ఈ రకాలున్నాయి. వాటిని నూరితే రోజంతా కొంచెం కొంచెంగా అందాల్సింది ఒక్కసారే ఒంట్లో పడుతుంది. కడుపులో కరగకుండా పైపూత వేసిన ఆస్పిరిన్‌ని నూరితే ఆ పూత వేసిన ప్రయోజనం పోతుంది. ఆయన సగం తిని లేచిపోతే ఎంత మందు పడిందో మీకూ తెలీదు. అదలా ఉంచి, బుద్ధి స్థిమితంగా ఉన్న మనిషికి తెలియకుండా మందు పెట్టడం తప్పు. ఒక్కసారి బయటపడిందంటే మీరు పెట్టిన ఏదీ ఆయన అనుమానం లేకుండా తినరు.

ఇక మీ లెక్క దగ్గరికి వద్దాం. మీరు వాటిని దొంగతనం పట్టించే సాక్ష్యంలా చూస్తున్నారు. మాకైతే అందులో మీ నాన్నగారు చెప్పని సమాధానాలన్నీ ఉన్నాయి. ఎన్ని మిగిలాయన్నది ఒకెత్తు. ఏవి మిగిలాయన్నదే అసలు చూడాల్సింది.

ఉదయం వేసే నాలుగు రకాలు తలా 4 మిగిలాయి. అంటే నెలలో నాలుగు పొద్దుటిపూటలు మొత్తంగా తప్పాయి. ఇది మామూలు మతిమరుపు. 30లో 26, అంటే నూటికి 87 పాళ్లు. నూటికి 80 దాటితే సరిగ్గా వాడుతున్నట్టు లెక్కవేయడం వైద్య పరిశోధనల్లో ఆనవాయితీ. ఆ లెక్కన ఉదయం మందుల్లో మీ నాన్నగారు పాసైనట్టే.

మెట్‌ఫార్మిన్ 26 మిగిలాయి కదా, అందులో ఉదయం తప్పినవి ఆ నాలుగే అనుకుంటే మిగతా 22 రాత్రివి. అటార్వాస్టాటిన్ కూడా రాత్రిదే, 24 మిగిలాయి. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి చూడండి. కొలెస్ట్రాల్ మాత్ర మీద అపనమ్మకమో, మెట్‌ఫార్మిన్ మీద విముఖతో అయితే ఒకటి మిగిలి రెండోది అయిపోయేది. ఇక్కడ రెండూ కలిసి మిగిలాయి. అంటే రాత్రి పూటే ఆయన చేతి నుంచి జారిపోతోంది. తిన్న వెంటనే కునుకు పడుతుందో, మాత్రలు వేరే గదిలో ఉన్నాయో, రాత్రి మెట్‌ఫార్మిన్ వేస్తే కడుపులో తిప్పి దానితోపాటు రెండోదీ మానేశారో, అది ఆయన్నే అడగాలి.

నీటి మాత్ర 17. మతిమరుపు నాలుగు తీసేస్తే 13. వారానికి మూడు రోజులు బయటికి వెళ్తారని మీరే రాశారు, నెలకు అవి పదమూడే. ఫ్యూరోసెమైడ్ వేసిన గంటలోపే పని మొదలుపెట్టి, ఆరేడు గంటలపాటు మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తిస్తుంది. స్నేహితుల మధ్య కూర్చోవాల్సిన పూట అది వేసుకోకపోవడం మతిమరుపూ కాదు, మొండితనమూ కాదు. ఆయన ఆలోచించి చేసిన ఏర్పాటు.

మొత్తం మీద 240 మాత్రల్లో 157 వేసుకున్నారు, నూటికి 65. దీర్ఘకాలిక జబ్బుల మందులను సరిగ్గా వాడేవాళ్లు సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి నివేదికలో రాసింది. ఆ సంఖ్యతో దీన్ని నేరుగా పోల్చలేం గానీ, మీ నాన్నగారు "మందులు వేసుకోని మనిషి" అయితే కాదు. ఆయనవి మూడు చిక్కులు, మూడింటికీ మందు వేరు. ఎదురుగా నిలబడటం మొదటిదానికి, అంటే మతిమరుపుకు, కొంచెం పనికొస్తుంది, మిగతా రెంటికీ పనికిరాదు. దాని వల్ల ఆయన నేర్చుకునేది మాత్రలు ఇంకాస్త జాగ్రత్తగా దాచడమే.

బీపీ ఎప్పుడూ బాగుండి హెచ్‌బీఏ1సీ మాత్రం ఎక్కువుండటం కూడా ఇందులోంచే అర్థమవుతుంది. ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది, ఒకపూట తప్పినా బీపీ అంతగా కదలదు. పైగా డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు నాలుగైదు రోజులు చాలామంది బుద్ధిగా వేసుకుంటారు. హెచ్‌బీఏ1సీ రెండుమూడు నెలల సగటు కాబట్టి ఆ నాలుగు రోజుల బుద్ధిమంతనం దాని ముందు చెల్లదు.

ఇప్పుడు మాట్లాడే విధానం. స్ట్రిప్పులు చేత్తో పట్టుకుని వెళ్లకండి. "వేసుకున్నావా?" అన్న ప్రశ్నకు అవును అనే జవాబు తప్ప ఇంకేం రాదు. అలవాటుగా వచ్చేస్తుంది. ఇలా అడిగి చూడండి: "నాన్నా, ఇన్ని మాత్రలు ఒక్కటీ తప్పకుండా వేసుకోవడం ఎవరివల్లా కాదు. పోయిన వారంలో రాత్రివి ఎన్నిసార్లు తప్పి ఉంటాయి?" తప్పడం మామూలేనని ముందే ఒప్పుకున్నారు, వారం అని గడువు చెప్పారు, పూట చెప్పారు. ఈ ప్రశ్నకు నిజం చెప్పడం తేలిక. తర్వాత: "వీటిలో నీకు అస్సలు నచ్చనిది ఏది?" ఆయన ఏం చెప్పినా అక్కడే వాదనకు దిగకండి, రాసుకోండి. మూడోది: "ఏ మాత్ర దేనికో చెప్పు, నేనూ నేర్చుకుంటాను." ఇది పరీక్ష పెట్టినట్టు కాకుండా నిజంగా నేర్చుకుంటున్నట్టే అడగాలి. ఆస్పిరిన్ ఒంటి నొప్పులకనో, అటార్వాస్టాటిన్ గ్యాస్‌కనో అనుకుని ఏళ్లు గడిపేవాళ్లు ఉంటారు. దేనికో తెలియని మాత్రే మొదట మానేస్తారు.

ఒక్కొక్క చిక్కూ తీసుకుందాం. రాత్రి పూట గురించి డాక్టరుగారిని రెండు విషయాలు అడగండి. అటార్వాస్టాటిన్ ఒంట్లో చాలాసేపు ఉండే మందు, దాన్ని రాత్రే వేసుకోవాలన్న నియమం లేదు, ఏ పూటైనా రోజూ ఒకే వేళకు వేసుకోవచ్చు. రాత్రి అన్న నియమం సిమ్వాస్టాటిన్ లాంటి త్వరగా దిగిపోయే పాతరకాలది. ఉదయానికి మారిస్తే నెలకు 20 మాత్రలు మిగలడం అక్కడితో ఆగిపోవచ్చు. రెండోది, మెట్‌ఫార్మిన్‌ని రోజుకు ఒక్కసారి వేసే మెల్లగా కరిగే రకానికి మార్చవచ్చా? సాధారణంగా రాత్రి భోజనంతో ఇస్తారు, మీ నాన్నగారి విషయంలో వేరే పూట భోజనానికి జరపొచ్చో లేదో డాక్టరుగారే చెప్పాలి. కడుపులో తిప్పడం, విరేచనాలు ఈ రకంలో తక్కువ. భోజనం మధ్యలోనో చివరనో వేసుకోవాలి, పరగడుపున కాదు. ఇంకో సంగతి ముందే చెప్పి ఉంచండి: ఈ మాత్ర పైడొల్ల కొందరికి మలంలో అలాగే కనిపిస్తుంది. మందు ఎప్పుడో ఒంటపట్టింది, వచ్చింది ఖాళీ తొడుగే. అది చూసి "కరగట్లేదు, దండగ" అని మానేసేవాళ్లున్నారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, 14 ఏళ్లయింది కాబట్టి ఆ పరీక్ష కూడా అడగండి.

రాత్రి పూట ఉండక తప్పదంటే దాన్ని గడియారానికి కాకుండా ఆయన ఎలాగూ మానని పనికి కట్టెయ్యండి. "తొమ్మిదింటికి వేసుకో" అన్నది నిలవదు, తొమ్మిదింటికి ఆయన ఎక్కడుంటారో ఎవరికి తెలుసు. "రాత్రి కంచం ముందు కూర్చోగానే డబ్బా మూత తీస్తాను" అన్నది నిలుస్తుంది. ఆ వాక్యం ఆయన నోటితోనే రావాలి, డబ్బా కంచం పెట్టే చోటే ఉండాలి. ఫోన్ అలారం మొదటి రెండు వారాలు పనిచేస్తుంది, తర్వాత దాన్ని ఆపడమే అలవాటవుతుంది.

నీటి మాత్ర విషయంలో డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పండి: బయటికెళ్లే రోజుల్లో వేసుకోవట్లేదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఇంటికొచ్చాక వేసుకోవచ్చా అని అడగండి. చాలామందికి కుదురుతుంది, సాయంత్రం దాకా మాత్రం జరపకూడదు, రాత్రి నిద్ర పాడవుతుంది, చీకట్లో లేచి పడిపోయే ప్రమాదం కూడా. ఇంకో ప్రశ్న కూడా అడగదగ్గదే. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి కాళ్ల చీలమండల దగ్గర వాపు వస్తుంది. ఆ వాపుకు నీటి మాత్ర ఇస్తారు, అది అంతగా తగ్గదు, ఎందుకంటే ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు. ఫ్యూరోసెమైడ్ ఎందుకు మొదలైందో పాత చీటీలు తిరగేసి చూడండి. వాపుకే అయితే ఆమ్లోడిపిన్‌నే తగ్గించడమో మార్చడమో కుదురుతుందేమో. అప్పుడు ఒక మాత్ర ఏకంగా తగ్గుతుంది. గుండె బలహీనతకో, కిడ్నీకో ఇచ్చి ఉంటే అది వేరే సంగతి, సొంతంగా కదపకండి.

మతిమరుపుది తేలిక. ఏడు రోజులకు, రోజుకు రెండు గళ్లుండే మాత్రల డబ్బా ఒకటి. నింపేది ఆయనే, వారానికి ఒకే రోజు, చీటీ పక్కన పెట్టుకుని. మీరు కేవలం చూడండి. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే తప్పినట్టు, ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. ఛాతీనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని ఇచ్చిన నైట్రోగ్లిజరిన్ మాత్రలు ఏమైనా ఉంటే వాటిని ఈ డబ్బాలో వెయ్యకండి. గాలి, వెలుతురు తగిలితే అవి బలం కోల్పోతాయి, వాటి సొంత సీసాలోనే గట్టిగా మూత బిగించి ఉంచాలి. డబ్బాని వంటపొయ్యి పక్కనా, స్నానాల గదిలోనూ పెట్టకండి.

తప్పిన పూట ఏం చెయ్యాలో కూడా ముందే ఒక కాగితం మీద రాసి డబ్బా మూతకి అంటించండి, డాక్టరుగారికి ఒకసారి చూపించి. అన్నిటికీ వర్తించేది: రెండు పూటలవి కలిపి వెయ్యకూడదు. గ్లిమిపిరైడ్ తప్పితే తర్వాత గుర్తొచ్చినప్పుడు ఖాళీ కడుపున వెయ్యకూడదు, ఆ రోజుకు వదిలెయ్యాలి. తిండి మానేసే రోజున కూడా దాన్ని వెయ్యకూడదు. మెటోప్రొలాల్‌ని అయిపోయిందనో విసుగొచ్చిందనో ఒక్కసారిగా ఆపితే గుండె వేగం పెరిగి ఛాతీనొప్పి తిరగబెట్టొచ్చు, ఇంట్లో అన్నిటికన్నా ముందు నిల్వ చూసుకోవాల్సింది అదే. ఆస్పిరిన్‌ని పన్ను పీకించుకోవడానికైనా గుండె డాక్టరుని అడక్కుండా ఆపకూడదు, స్టెంట్ ఉంది కాబట్టి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మెట్‌ఫార్మిన్, నీటి మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది మాత్రం ఫోన్ చేసి కనుక్కోండి. ఆ రోజున పట్టుదలగా వేసుకోవడమే చెడు చెయ్యొచ్చు.

"నాకేం లేదు, బాగానే ఉన్నా" అనే మనిషికి ఉపదేశం కన్నా అంకె మేలు. బీపీ వారం రోజులు ఇంట్లో చూడనివ్వండి: ఉదయం మాత్రలకు ముందు, సాయంత్రం, ప్రతిసారీ ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున ఆనించి, నిమిషం ఎడంతో రెండుసార్లు. మొదటి రోజువి పక్కనపెట్టి మిగతావాటి సగటు తియ్యండి. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం విడుదల చేసే చక్కెరను తగ్గిస్తుంది, కాబట్టి రాత్రి మాత్ర పనితనం మర్నాడు పరగడుపు షుగర్‌లో కనిపిస్తుంది. ఆ అంకెలు ఆయన చేతే రాయించండి. రెండు వారాలు తప్పకుండా వేసుకున్నాక పాతవాటి పక్కన పెట్టి చూస్తే ఆయనకే తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ కోసం మాత్రం మూడు నెలలు ఆగాలి, నెలకే పరీక్ష చేయించి "ఏం మారలేదు" అనుకుంటే ఉన్న ఉత్సాహమూ పోతుంది.

అటార్వాస్టాటిన్ వల్ల కండరాలు నొప్పి అని ఆయన చెప్తే కొట్టిపారెయ్యకండి, నిజమని ఒప్పేసుకుని మానెయ్యనూ వద్దు. 2020లో ప్రచురించిన శాంసన్ అనే అధ్యయనంలో, ఇబ్బందుల వల్ల స్టాటిన్లు (అటార్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులు) మానేసిన 60 మందికి ఏడాదిపాటు నెలకొక సీసా ఇచ్చారు: నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీవి. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలో పదింట తొమ్మిది పాళ్లు ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ వచ్చింది. వాళ్లు పడిన నొప్పి అబద్ధం కాదు, కాకపోతే చాలావరకు మందుది కాదు. మోతాదు తగ్గించో, రకం మార్చో మళ్లీ ప్రయత్నించే దారి ఉంటుంది. నొప్పి మరీ ఎక్కువై మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రెండు సందర్భాల్లో పైన చెప్పిందంతా పక్కనపెట్టాలి. వేసుకున్నది మరిచిపోయి మళ్లీ వేసుకుంటున్నా, అంటే ఏదైనా స్ట్రిప్పు లెక్క కన్నా ముందే అయిపోతున్నా, అడిగిందే అడుగుతున్నా అది జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాల్సిన విషయం. అప్పుడు మాత్రలు వేరేవాళ్లే చేతికివ్వాలి. మీ లెక్కలో అలాంటిదేం లేదు. రెండోది: గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా, దిగులుగా ఉంటున్నారా? కుంగుబాటు ఉన్నవాళ్లు చికిత్స సరిగ్గా పాటించకపోయే అవకాశం సుమారు మూడు రెట్లని 2000లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. స్నేహితుల దగ్గరికి వెళ్లడం మానేస్తే, మాత్రల డబ్బా కన్నా ముందు దాని గురించి మాట్లాడాలి.

డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ లెక్క కాగితం నాన్నగారి జేబులోనే పెట్టండి. "నాన్న అబద్ధం చెప్తున్నారు" అని మీరు మొదలుపెట్టకండి. "రాత్రివి కుదరట్లేదు, బయటికెళ్లే రోజున నీటి మాత్ర వేసుకోవట్లేదు" అని ఆయన చెప్పేలా ముందురోజే అనుకోండి. ఆ రెండు వాక్యాలు పోయినసారే చెవిన పడి ఉంటే డాక్టరుగారు గ్లిమిపిరైడ్ పెంచే బదులు పూటలు మార్చేవారు.

రేపటి నుంచి ఎదురుగా నిలబడటం ఆపి, ఆదివారం డబ్బా నింపేటప్పుడు మాత్రం పక్కన కూర్చోండి. వచ్చే నెల 31వ రోజున మిగిలినవి మళ్లీ లెక్కపెట్టాలి. ఈసారి ఆయన లెక్కపెడితే మీరు రాసుకోండి.